ఫ్రిజ్‌లో ఒక గ్లాసు నీళ్లు

ఫ్రిజ్ లోపలి నాబ్ మీద 1 నుంచి 5 వరకో 7 వరకో అంకెలుంటాయి. ఎండాకాలం రాగానే దాన్ని చివరిదాకా తిప్పడం, చలికాలంలో వెనక్కి తేవడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ అంకెలకూ డిగ్రీలకూ సంబంధం లేదు. ఫ్రీజర్ ఎంత చల్లబడ్డాక కంప్రెసర్ ఆగాలో చెప్పే గుర్తులవి, అంతే. నాబ్ 4 మీద ఉన్నప్పుడు పాలగిన్నె ఎంత చల్లగా ఉంటుందన్నది వంటింటి వేడిని బట్టి, లోపలున్న సరుకును బట్టి, తలుపు ఎన్నిసార్లు తీస్తారన్నదాన్ని బట్టి మారిపోతుంది. అందుకే ఫ్రిజ్ చల్లదనాన్ని అదుపులో పెట్టుకోదలచినవారు అన్నిటికన్నా ముందు ఒక చిన్న థర్మామీటర్ కొనాలంటాను. దాన్ని గ్లాసు నీళ్లలో పెట్టి, మధ్య అరలో రాత్రంతా ఉంచి, పొద్దున తలుపు తీసీ తీయగానే చూడాలి.

నీళ్లలోనే ఎందుకు? ఒంటి తలుపు ఫ్రిజ్‌లలో థర్మోస్టాట్ నుంచి సన్నని లోహపు గొట్టం ఫ్రీజర్ గోడ దాకా వెళ్తుంది. అందులోని వాయువు చల్లబడి ఒత్తిడి తగ్గితే స్విచ్ విడిపోయి కంప్రెసర్ ఆగుతుంది, వేడెక్కితే మళ్లీ కలుస్తుంది. ఆగే చోటుకూ మొదలయ్యే చోటుకూ మధ్య కొన్ని డిగ్రీల ఎడం కావాలనే ఉంచుతారు. లేకపోతే కంప్రెసర్ మాటిమాటికీ ఆగుతూ మొదలవుతూ తొందరగా పాడవుతుంది. కాబట్టి లోపలి గాలి ఎప్పుడూ కాస్త వేడెక్కుతూ, కాస్త చల్లబడుతూ ఉంటుంది. ఆ గాలిని కొలిస్తే తిండి సంగతి తెలియదు. 200 లీటర్ల ఫ్రిజ్‌లో పట్టే గాలి బరువు పావుకిలోకు అటూఇటుగా ఉంటుంది. అదంతా ఒక డిగ్రీ వేడెక్కడానికి పావు కిలోజౌల్ చాలు. లీటరు నీళ్లకు మాత్రం 4 కిలోజౌళ్ల పైన కావాలి. అంటే ఒక్క నీళ్ల సీసా ఫ్రిజ్‌లోని గాలి మొత్తం కన్నా పదహారు రెట్ల వేడిని తట్టుకుంటుంది. సగం ఖాళీగా ఉన్న ఫ్రిజ్‌లో నాలుగైదు నిండు సీసాలు పెడితే హెచ్చుతగ్గులు తగ్గేది అందుకే. సీసాలను చల్లబరచడానికి కరెంటు దండగ కదా అనవచ్చు. ఆ ఖర్చు మొదటిసారే. ఆ తర్వాత గోడల గుండా, తలుపు గుండా లోపలికి వచ్చే వేడిని తోడేయడమే కంప్రెసర్ పని, అది సీసాలున్నా లేకున్నా తప్పదు. గాలి ఆడే సందు లేకుండా కుక్కడం మాత్రం కూడదు.

గ్లాసులో ఎంత కనిపించాలి? అమెరికా ఆహార, ఔషధ సంస్థ 4 డిగ్రీలు దాటొద్దంటుంది, బ్రిటన్‌లో 5 అంటారు. మా ఇంట్లో పాలు విరగడం లేదు, పెరుగు పులవడం లేదు, ఈ కొలతలెందుకు అనేవారికి ఒక సంగతి చెప్పాలి. ఆహారాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులు వేరు, మనిషిని జబ్బుపరిచేవి వేరు. రెండో రకం పెరిగినా వాసనగానీ రుచిగానీ మారకపోవచ్చు. లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్ చలిలోనూ మెల్లగా పెరుగుతుంది, ప్రతి డిగ్రీ పెరుగుదలా దానికి ఊతమే. గర్భిణులూ వృద్ధులూ ఉన్న ఇళ్లలో ముక్కును నమ్ముకోవడం మంచిది కాదు.

మరి నాబ్‌ను ఎప్పుడూ చివరి అంకె మీదే ఉంచితే సరిపోదా? రామగుండంలోనో కర్నూలులోనో మే నెల ఎండలకు అలా పెడితే కంప్రెసర్ దాదాపు ఆగదు. ఫ్రీజర్ చుట్టూ మంచు పేరుకుంటుంది. ఆ మంచు దుప్పటిలా కప్పేసి, చల్లదనాన్ని కింది అరలకు దిగనివ్వదు. చల్లదనం కోసం తిప్పిన నాబే కింద పెట్టిన కూరను వెచ్చబరుస్తుందన్నమాట. మంచు పావు అంగుళం మందం కాకముందే డీఫ్రాస్ట్ బటన్ నొక్కాలి. నాబ్‌ను ఒకసారికి ఒక్క అంకె మాత్రమే జరిపి, రోజంతా ఆగి, మళ్లీ గ్లాసు చూడాలి. తలుపు రబ్బరు వదులైతే మార్చాలి, వెనక గోడకు ఎడం వదలాలి. పాలను తలుపు అరలోంచి లోపలికి జరపాలి. తీసినప్పుడల్లా బయటి గాలి తగిలేది అక్కడే, ఊరగాయ సీసాలకైతే ఆ చోటు చాలు.

పాత థర్మోస్టాట్ తీసేసి ఎలక్ట్రానిక్ కంట్రోలర్ బిగించుకునే ఉత్సాహవంతులున్నారు. 3 డిగ్రీల దగ్గర ఆగి 5 దగ్గర మొదలయ్యేలా పెట్టుకోవచ్చు, నిజమే. కానీ ఆగిన కంప్రెసర్ మళ్లీ మొదలయ్యే ముందు కొన్ని నిమిషాల విరామం అందులో లేకపోతే మోటారుకు ముప్పు. డీఫ్రాస్ట్ బటన్ పాత థర్మోస్టాట్‌తోనే పోతుంది. పైగా అది కరెంటు పని. మిగతావన్నీ చేశాక కూడా గ్లాసు 7, 8 చూపిస్తుంటే అప్పుడు మెకానిక్‌ను పిలిచి ఆలోచించాల్సిన విషయం.

నిజానికి ఈ కొలత భారం కొన్నవాళ్ల మీద పడకూడదు. ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతాయో స్టార్ లేబుల్ మీద అచ్చేస్తున్నారు, లోపల తిండి ఎన్ని డిగ్రీల్లో ఉందో చూపే ఏర్పాటు మాత్రం మామూలు ఫ్రిజ్‌లలో కనబడదు. ధర పెరుగుతుందన్న వాదన నిలవదు. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ నూరూ రెండు వందల రూపాయలకు దొరుకుతున్న రోజుల్లో, వేలు పోసి కొనే పెట్టెలో ఒక సెన్సర్, ఒక చిన్న తెర అమర్చడం కంపెనీలకు బరువేమీ కాదు. ఆ తెర మనం పెట్టిన అంకెను తిరిగి చూపితే చాలదు, మధ్య అరలో అసలు ఎంత చల్లగా ఉందో చూపాలి.