మెడ మీద చెయ్యి

కటింగ్ అయిపోతుంది. మెడ చుట్టూ కట్టిన గుడ్డ విప్పి దులుపుతారు. నెత్తి మీద నాలుగు దెబ్బలు దరువేసినట్టు పడతాయి. భుజాలు పిసుకుతారు. తర్వాత ఒక చెయ్యి గడ్డం కింద, ఇంకో చెయ్యి తల వెనక. మనం తేరుకునేలోగా టక్కుమని ఒక పక్కకి, టక్కుమని ఇంకో పక్కకి. పటాన్‌చెరు, పాశమైలారం, కర్దనూర్ చుట్టుపక్కల చాలా సెలూన్లలో ఇది కటింగ్‌తో పాటు ఉచితం. నైట్ డ్యూటీ దిగి వచ్చినవాడికి ఆ చప్పుడుకే సగం అలసట తీరినట్టుంటుంది. ఆ సుఖం నాకూ తెలుసు. అయినా ఈ వారం దాని గురించే భయంతో రాస్తున్నాను.

మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాల్లో రెండు, మెడ ఎముకల పక్కనున్న చిన్న రంధ్రాల గుండా పైకి పోతాయి. మెడను ఒక్కసారిగా మెలిపెడితే వాటి లోపలి పొర చిరగొచ్చు. అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడులోకి చేరితే పక్షవాతమే. అరుదైన సంగతే, కానీ జరుగుతోంది. 2022లో హైదరాబాద్‌లో యాభై ఏళ్ల మహిళకు బ్యూటీ పార్లర్‌లో జుట్టు కడిగించుకుంటుండగా తల తిరిగి, వాంతులయ్యాయి. వెనక్కి వంచిన మెడలో నాళం నొక్కుకుపోయి స్ట్రోక్ వచ్చిందని న్యూరాలజిస్ట్ డాక్టర్ సుధీర్ కుమార్ అందరికీ తెలిసేలా చెప్పారు. 2024లో బళ్లారి యువకుడొకరికి కటింగ్ తర్వాత చేసిన ఉచిత మసాజే ప్రాణం మీదికి తెచ్చింది. మెడ తిప్పించుకుని ఇంటికెళ్లాక మాట పడిపోయింది.

ఫిజియోథెరపిస్టులకు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఉంది. సెలూన్‌లో మాలిష్ చేసే చెయ్యి ఆ లెక్కలోకి రాదు. అయితేనేం, నీతికి సర్టిఫికెట్ అక్కర్లేదు. కర్దనూర్‌లో ఒక షాపులో చూశాను. కంపెనీ యూనిఫాంలోనే వచ్చిన కుర్రాడు "మెడ విరువు భయ్యా" అని హిందీలో అడిగాడు. "నొప్పి ఉందా? చెయ్యి తిమ్మిరి ఎక్కుతోందా?" అన్నాడు షాపాయన. కుర్రాడు తలూపాడు. ఆయన ఇక మెడ జోలికే పోలేదు. రెండు బొటనవేళ్లతో భుజాల మీది కండను మెల్లగా నొక్కి, "దవాఖానాలో చూపించుకో తమ్ముడూ" అన్నాడు. అడగడం, వద్దనడం రెండూ తెలిసిన పనివాడు! గంటల కొద్దీ మెషిన్ ముందు నిలబడేవాళ్లలో ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చగా ఉంటే దాన్నీ పిసకకూడదు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఇది పట్నం నుంచి కొత్తగా వచ్చిన జాగ్రత్తేం కాదు. పసిబిడ్డకు నూనె రాసి నీళ్లు పోసే పెద్దమ్మలు ముందు నుదుటి మీద అరచెయ్యి పెట్టి చూస్తారు. ఒళ్లు కాగుతుంటే ఆ రోజు నూనె లేదు. కఫం, అజీర్ణం ఉన్నవాళ్లకు అభ్యంగం, అంటే నూనె మర్దన, కూడదని వాగ్భటుడు అష్టాంగహృదయంలో రాసిపెట్టాడు. చరక సంహితలో శిష్యుడు చేసే ప్రతిజ్ఞలో రోగి ఇంటి సంగతులు బయట చెప్పకూడదన్న నియమం కూడా ఉంది. మన ఫ్యాక్టరీల బెల్టులో ఈ నియమం అవసరం చాలా ఉంది. భుజాలు వదులైతే నోరూ వదులవుతుంది. జీతం ఆపిన కాంట్రాక్టర్ మీద కసి అంతా ఆ కుర్చీలోనే కక్కుతారు. మరుసటి ఆదివారం అదే కుర్చీలో ఆ కాంట్రాక్టరే కూర్చోవచ్చు.

నోటికే కాదు, చేతికీ హద్దుండాలి. మగవాళ్లకు ఆడవాళ్లు, ఆడవాళ్లకు మగవాళ్లు మసాజ్ చేయకూడదని 2021లో ఢిల్లీలో నిబంధన పెడితే, అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు దాన్ని నిలిపేసింది. సరిగ్గానే చేసిందంటాను. ఎవరు ఎవరిని ముట్టుకుంటున్నారన్నది కాదు, ఒప్పుకున్న చోట ఒప్పుకున్నంతే ముట్టుకుంటున్నారా అన్నది చూడాలి. డబ్బిచ్చిన వాళ్లకూ ఈ హద్దు వర్తిస్తుంది. పని చేసే ఆడపిల్లను వెకిలి మాటంటే అక్కడే పని ఆపేసే హక్కు ఆమెకు ఉండాలి, యజమాని ఆమె వెనక నిలబడాలి.

2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం నాయీబ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇస్తోంది. ఆ వృత్తికి దక్కాల్సిన గౌరవమది. సంఘం పెద్దలకు నాదొక్క విన్నపం. మాలిష్‌ను ఉచితంగా పారేయకండి, దానికీ ధర కట్టండి. అప్పుడే ఎంతవరకు చేయాలో, ఎక్కడ ఆపాలో అడిగి చేసే తీరిక దొరుకుతుంది. గోడ మీద వేలాడే రేట్ల బోర్డు అడుగున "ఇక్కడ మెడ విరవం" అని రాయించండి. తెలుగుతో పాటు హిందీలో, ఒడియాలో కూడా.