హింస, విస్తరణ, సాక్ష్యం: మెదక్ ప్రాంత తొలి క్రైస్తవ చరిత్ర రచనపై ఒక విమర్శ

వ్యాస సంగ్రహం

హింస ఎక్కువైనకొద్దీ క్రైస్తవ సంఘం పెరిగిందన్న సూత్రం ప్రాచీన రోమన్ సామ్రాజ్య చరిత్ర నుంచి తెలుగు ప్రాంత మిషనరీ చరిత్రలోకి వచ్చింది. ఈ సూత్రం రోమ్ విషయంలో ఎంతవరకు నిలుస్తుందో, తెలుగు మాల, మాదిగ వాడల అనుభవానికి ఎంతవరకు వర్తిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒంగోలు, మెదక్ ప్రాంతాల చారిత్రక సందర్భాలు, పి.వై. లూక్, జాన్ బి. కార్మన్‌ల గ్రామ అధ్యయనం, గుర్రం జాషువ జీవితం ఇందుకు ఆధారాలు. తెలుగు నేలపై హింస ప్రాణహరణ రూపంలో కంటే జీవనోపాధి హరణ రూపంలోనే ఎక్కువగా కనిపిస్తుందనీ, అందువల్ల హతసాక్షుల కథనరీతి ఆ అనుభవాన్ని చెప్పడానికి చాలదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మెదక్, హతసాక్షి, వెట్టి, మాదిగ, లూక్, కార్మన్, జాషువ, ధ్రువపత్రం.

1. ప్రవేశిక

మెదక్ పట్టణం అనగానే గుర్తుకు వచ్చేది అక్కడి కెథడ్రల్. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ఆ మందిరం ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గోపురం, రంగుటద్దాల కిటికీలు, మొజాయిక్ పలకల నేల ఇప్పటికీ యాత్రికులను ఆకర్షిస్తున్నాయి. కరువు కాలంలో పనికి ప్రతిగా తిండిగింజలు ఇచ్చి ఈ నిర్మాణం సాగించారన్నది అందరూ చెప్పే మాట. మందిరాన్ని చూసేవారికి ఈ చరిత్ర వైభవగాథగా కనిపిస్తుంది. సంఘ చరిత్రలు చదివేవారికి అది శ్రమలను జయించిన గాథగా కనిపిస్తుంది. రాళ్లు మోసిన వారి వైపు నుంచి చూస్తే అది ఆకలి గాథ. ఈ మూడింటినీ ఒకే సూత్రంతో వివరించే ప్రయత్నంలో ఏది మిగిలింది, ఏది జారిపోయింది అన్నదే విమర్శకు విషయం.

2. రోమన్ నమూనా: బలం, బలహీనత

హతసాక్షుల మరణం సంఘాన్ని తగ్గించదు, పెంచుతుంది అన్న వాదాన్ని రెండవ శతాబ్ది చివర కార్తేజ్‌కు చెందిన తెర్తుల్లియన్ బలంగా ప్రతిపాదించాడు. దీనికి బీజం అపొస్తలుల కార్యములలోనే ఉంది. స్తెఫను మరణం తరువాత చెదరిపోయిన విశ్వాసులు పోయినచోటల్లా బోధించారని ఆ గ్రంథం చెబుతుంది. నాలుగవ శతాబ్దిలో యూసేబియస్ రచించిన సంఘ చరిత్రలో ఈ భావన చరిత్ర రచనకు చట్రంగా స్థిరపడింది.

అయితే ఆ మూడు శతాబ్దాల హింస ఎడతెగనిది కాదు, సామ్రాజ్యమంతటా ఒకే తీరుగా సాగినదీ కాదు. 64లో నీరో జరిపిన హింస రోమ్ నగరానికి పరిమితం. 112 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తి తన ప్రతినిధి ప్లీనీకి ఇచ్చిన సమాధానంలో, క్రైస్తవులను వెతికి పట్టుకోనక్కర లేదన్నాడు. సామ్రాజ్యమంతటికీ వర్తించే ఆజ్ఞ డెసియస్ కాలంలో, 249–250లో వచ్చింది. ప్రజలు దేవతలకు బలి అర్పించి, అర్పించినట్లు ధ్రువపత్రం పొందాలన్నది దాని సారాంశం. అలాంటి పత్రాలు ఈజిప్టులో పాపిరస్ రూపంలో దొరికాయి. ఆ ఆజ్ఞకు లొంగి బలి అర్పించినవారు, అర్పించకుండానే పత్రం సంపాదించినవారు చాలామంది. వారిని మళ్లీ సంఘంలో చేర్చుకోవాలా వద్దా అన్న వివాదం కార్తేజ్ అధ్యక్షుడు సిప్రియన్‌ను తీవ్రంగా కలవరపరచింది. 303లో డయోక్లెటియన్ ప్రారంభించిన హింస తరువాత ఉత్తర ఆఫ్రికా సంఘం ఇదే ప్రశ్న మీద నిలువునా చీలింది. అంటే హింస హతసాక్షులతో పాటు తడబడినవారినీ, చీలికలనూ మిగిల్చింది.

హింసే విస్తరణకు కారణమైతే జపాన్ ఉదాహరణకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. 1614 నిషేధం తరువాత అక్కడి సంఘం బహిరంగ జీవితం నుంచి దాదాపు అదృశ్యమైంది. రహస్యంగా మిగిలిన కుటుంబాలు 1865లో నాగసాకిలో గాని బయటపడలేదు. హింస తీవ్రంగానూ, దీర్ఘంగానూ ఉన్నచోట సంఘం పెరగకపోగా కుంచించుకుపోయిందని దీనివల్ల తెలుస్తుంది.

రోడ్నీ స్టార్క్ 1996లో వెలువరించిన గ్రంథంలో ప్రాచీన క్రైస్తవ వ్యాప్తిని పదేళ్లకు సుమారు 40 శాతం పెరుగుదలగా లెక్కగట్టాడు. బంధుత్వ, స్నేహ సంబంధాలు, అంటువ్యాధుల కాలంలో చేసిన సేవ ఇందుకు ప్రధాన కారణాలని వాదించాడు. ఈ లెక్క అంచనాయే గాని జనగణన కాదు. అయినా మరణవేదిక మీద నిలిచిన చూపును ఇంటి గడప వైపు మరల్చినందుకు ఆ వాదం విలువైనది. తెలుగు ప్రాంతాన్ని అర్థం చేసుకోవడానికి ఆ చూపు మరింత అవసరం.

3. తెలుగు గ్రామంలో హింస స్వరూపం

తెలుగు నేలపై సామూహిక మతాంతరీకరణకు ప్రసిద్ధమైన ఉదాహరణ ఒంగోలు. 1866లో తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం పొందాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ అదే సంవత్సరం ఒంగోలులో స్థిరపడ్డాడు. పేరయ్య అంతకు ముందే ఒక యోగ సంప్రదాయంలో ఉపదేశం పొందినవాడు. తన బంధువులకు, కులస్థులకు బోధిస్తూ ఊరూరా తిరిగాడు. విశ్వాసం ఆ బంధుత్వపు దారుల వెంటనే నడిచింది.

కొత్త విశ్వాసులు పాటించవలసిన నియమాలలో మూడు ముఖ్యమైనవి: చచ్చిన పశువు మాంసం తినకపోవడం, గ్రామదేవతల జాతరలలో డప్పు కొట్టకపోవడం, ఆదివారం పని మానడం. పైకి ఇవి మతాచార నియమాలు. గ్రామ వ్యవస్థ దృష్టిలో ఇవి శ్రమ నిరాకరణలు. డప్పు, చచ్చిన పశువును ఎత్తివేయడం, పిలిచినప్పుడు పనికి రావడం అనేవి మాదిగ గ్రామానికి చెల్లించవలసిన బాధ్యతలుగా స్థిరపడి ఉన్నాయి. వాటిని మానుకోవడమంటే కట్టుబాటును తెంచుకోవడమే. అందుకే ప్రతీకారం కూడా ఆ రంగంలోనే వచ్చింది. పని ఇవ్వకపోవడం, నీళ్లకు దారి మూసివేయడం, మేత దొరకకుండా చేయడం, కొట్టడం, తప్పుడు కేసులు పెట్టడం దాని రూపాలు. ఈ హింసకు మతం పేరున్నా దాని మూలం శ్రమ మీద అధికారంలో ఉంది.

కాలక్రమం కూడా సూత్రాన్ని ప్రశ్నిస్తుంది. 1860ల చివరి నుంచి వేధింపులు ఉన్నాయి. పెద్ద ఎత్తున బాప్తిస్మాలు మాత్రం 1876–78 కరువు తరువాత జరిగాయి. కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని కల్పించాడు. సహాయం కోసం మతం మారారన్న నింద రాకుండా ఆ కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దీన్ని హింసా ఫలితమని గాని, తిండి కోసం జరిగిన మార్పు అని గాని తేల్చివేయడం తొందరపాటు. పేరయ్య వంటివారు పన్నెండేళ్లపాటు వేసిన బంధుత్వపు బాట, కూలి చేతికిచ్చి మనిషిగా పలకరించిన అనుభవం, ఊరి కట్టుబాటు నుంచి బయటపడే అవకాశం కలిస్తేనే ఆ సంఖ్యకు అర్థం ఏర్పడుతుంది.

మెదక్ సందర్భం మరింత క్లిష్టం. ఇది నిజాం రాజ్యం. ఒంగోలు వలె బ్రిటిష్ కలెక్టరు ప్రత్యక్ష పాలనలో లేదు. దొర గడీ, వెట్టి ఇక్కడి గ్రామ జీవితాన్ని నిర్ణయించాయి. ఇలాంటిచోట మిషన్ ఆవరణ, బడి, ఆసుపత్రి, మందిర నిర్మాణపు పని వెట్టికి బయట నిలిచిన చోటులయ్యాయి. చేసిన పనికి ప్రతిఫలం ఉంటుందన్న అనుభవమే వెట్టివాడికి ఒక సువార్త. అయితే పని ఇచ్చిన చేయి కూడా యజమాని చేయే. మిషన్ మీద ఆధారపడటం వెట్టి నుంచి విడుదలేనా, మరొక ఆశ్రయమా అన్న ప్రశ్న సంఘ చరిత్రలలో తగినంతగా చర్చకు రాలేదు.

4. లూక్, కార్మన్‌ల అధ్యయనం: విలువ, పరిమితి

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెథడిస్టు క్షేత్రమైన మెదక్ అందులో ఒక డయాసిస్ అయింది. ఆ డయాసిస్‌లోని జంగరాయి పరిసర గ్రామాలను సంఘకాపరి పి.వై. లూక్, అమెరికన్ మతశాస్త్ర పండితుడు జాన్ బి. కార్మన్ కలిసి పరిశీలించి 1968లో గ్రామ క్రైస్తవులు, హిందూ సంస్కృతి అన్న అంశంపై గ్రంథం వెలువరించారు. మిషనరీ నివేదికల విజయధోరణిని విడిచి, గ్రామ విశ్వాసి నిజంగా ఎలా జీవిస్తున్నాడో చూపడం దీని ప్రధాన విలువ. మాల, మాదిగ క్రైస్తవులు ఆదివారం ఆరాధనకు వస్తూనే పోచమ్మ వంటి దేవతల పండుగలతో, గ్రామ కర్మకాండతో సంబంధం నిలుపుకున్నారని వారు దాపరికం లేకుండా నమోదు చేశారు.

విమర్శకు తావిచ్చేది ఈ వాస్తవం కాదు, దానికి పెట్టిన పేరు. పోచమ్మను ‘హిందూ సంస్కృతి’ అనే గదిలో చేర్చగానే క్రైస్తవ మాదిగ ఆచరణ పరాయి మతంతో రాజీగా కనిపిస్తుంది. కాని పోచమ్మ, ఎల్లమ్మల ఆరాధనలో మాల, మాదిగలది అతిథి స్థానం కాదు. డప్పు వారిది, పాట వారిది, కర్మలో కొంత భాగం వారిది. గుడి ప్రవేశానికి నోచుకోని కులాల దేవతలను ఆ గుడి మతానికే అప్పగించడం వర్గీకరణలోని లోపం. ఇక్కడ మాదిగ క్రైస్తవుడు రెండు మతాల నడుమ ఊగుతున్నాడనడం కంటే, తన పూర్వ సంస్కృతికీ కొత్త విశ్వాసానికీ నడుమ ఒప్పందం వెతుకుతున్నాడనడం సమంజసం.

రెండవ పరిమితి డప్పు విషయంలోనే కనిపిస్తుంది. జాతరకు వెళ్లిన విశ్వాసి బలహీన విశ్వాసి అని సంఘ దృష్టి తీర్పు చెబుతుంది. అతను వెళ్లకపోతే మరునాడు పని ఎవరిస్తారన్న ప్రశ్న ఆ తీర్పులో ఉండదు. భూమిలేనివాడికి డప్పు ఒక్కొక్కసారి భక్తి, ఒక్కొక్కసారి బతుకు, ఇంకొక్కసారి బలవంతం. ఈ మూడింటినీ వేరుచేయకుండా విశ్వాసాన్ని కొలవడం సాధ్యం కాదు. సిప్రియన్ కాలపు సంఘం కూడా, ఇష్టంగా బలి అర్పించినవాడికీ హింసకు తాళలేక అర్పించినవాడికీ తేడా చూడవలసి వచ్చింది. ఆ వివేకం గ్రామ క్రైస్తవుడి విషయంలోనూ అవసరం.

ఈ అధ్యయనం అక్కడితో ఆగిపోలేదన్నది గమనార్హం. కార్మన్, చిలుకూరి వసంతరావుతో కలిసి అవే గ్రామాలకు మళ్లీ వెళ్లి, 1959 నుంచి 2009 వరకు వచ్చిన మార్పులపై 2014లో మరొక గ్రంథం ప్రచురించాడు. క్షీణత, పునరుజ్జీవనం రెండూ దాని ఉపశీర్షికలోనే ఉన్నాయి. పాత సంఘాలు కొన్నిచోట్ల బలహీనపడి, స్వతంత్ర సంఘాలు తలెత్తిన స్థితిని అది చర్చించింది. తొలి అంచనాను యాభై ఏళ్ల తరువాత తానే తిరిగి పరీక్షించుకోవడం పరిశోధకుడికి ఉండవలసిన నిజాయితీకి నిదర్శనం.

5. రెండువైపుల వెలి: జాషువ సాక్ష్యం

1895లో వినుకొండలో జన్మించిన గుర్రం జాషువ జీవితం హతసాక్షి కథనానికి లొంగని మరొక అనుభవాన్ని చూపుతుంది. కవిగా సన్మానసభలోనూ ఆయనను కులం వెంటాడింది. మరోవైపు, హిందూ పురాణ వస్తువులతో పద్యాలు రాసినందుకు సొంత సంఘమూ ఆయనను వెలివేసింది. 1941లో వెలువడిన ‘గబ్బిలం’లో తన మొరను కాశీ విశ్వనాథుడికి పంపుకునే అస్పృశ్య నాయకుడిని సృష్టించిన కవే, ‘క్రీస్తు చరిత్ర’ కావ్యం రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. ఈ రెండు కావ్యాలను విశ్వాస చాంచల్యంగా చదివిన పాఠకుడు జాషువను పోగొట్టుకుంటాడు. తనను మనిషిగా అంగీకరించని వ్యవస్థ ఎవరి చేతిలో ఉన్నా ప్రశ్నించడమే ఆ రెండింటినీ కలిపే సూత్రం. హింస ఎప్పుడూ బయటినుంచే వస్తుందన్న భావనను జాషువ అనుభవం తిరస్కరిస్తుంది.

హింస ప్రశ్న నేటికీ ముగియలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం స్వీకరించిన దళితుడికి షెడ్యూల్డు కులాల హోదా వర్తించదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా విస్తరించారు. తెలుగు రాష్ట్రాలలో దళిత క్రైస్తవులు వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగంలో ఉన్నారు. అందువల్ల సంఘ రిజిస్టరులో ఒక పేరు, బడి రికార్డులో మరొక పేరు ఉండే కుటుంబాలు ఏర్పడ్డాయి. డెసియస్ కాలపు ధ్రువపత్రం ప్రాణానికి హామీ. నేటి కుల ధ్రువపత్రం అవకాశానికి హామీ. రెండింటి తీవ్రత ఒకటి కాదు, వెనుక ఉన్న ఉద్దేశం కూడా ఒకటి కాదు. కాని విశ్వాసానికీ బతుకుకూ నడుమ ఒక కాగితం నిలిచినప్పుడు సామాన్యుడు చేసే ఎంపికను కపటమని కొట్టివేయడం రెండు కాలాలలోనూ సులభమైన అన్యాయం.

6. ముగింపు

పై పరిశీలన మూడు విషయాలను స్పష్టం చేస్తుంది. మొదటిది, హింస సంఘాన్ని పెంచుతుందన్న సూత్రం రోమ్ విషయంలోనే పాక్షిక సత్యం. హింసను తట్టుకోగల బంధుత్వం, సేవ, పరస్పర ఆదరణ ఉన్నచోటే సంఘం నిలిచింది. రెండవది, తెలుగు గ్రామంలో హింస శ్రమ నిరాకరణకు ప్రతీకారంగా వచ్చింది గనుక, దాన్ని వెట్టి చరిత్రలో భాగంగా కూడా చదవాలి. మూడవది, తడబడినవారి చరిత్ర లేకుండా నిలబడినవారి చరిత్ర పూర్తికాదు.

మెదక్ మందిరం ఎత్తును కొలిచిన లెక్కలు ఉన్నాయి. ఆ రాళ్లు మోసినవారు, డప్పు మానినవారు, మానలేకపోయినవారు తమ గురించి చెప్పుకున్న మాటలను వాడల నుంచి, సంఘ రిజిస్టర్ల నుంచి, పెద్దల జ్ఞాపకాల నుంచి సేకరించడం తెలుగు పరిశోధకుల ముందున్న పని. జ్ఞాపకం ఉన్నవారు ఉండగానే ఆ పని జరగాలి.