పెద్దలకును పిల్లల పుస్తకములు

పిల్లల పుస్తకము చేతబట్టి నవ్వుకొను పెద్దవానిని చూచి “వయసు వచ్చినది గాని బుద్ధి రాలేదు” అనువారు మనలో పెక్కుమంది కలరు. సంస్కారము కోరు గృహస్థులలో నీ సంకోచము మరింత హెచ్చు. మాటలాడు జంతువులు, తలక్రిందుల మాటలు, వింత కల్పనలు విచారబుద్ధికి విరోధులని వారి భయము. ఇది సహేతుకమా యని విచారింతము.

ముళ్లపూడి వెంకటరమణగారి “బుడుగు” 1956లో ఆంధ్ర వారపత్రికయందు బాపుగారి బొమ్మలతో వెలువడినది. ఇందు కథ స్వల్పము. చెప్పువాడు పసివాడు. తల్లిదండ్రులైన రాధాగోపాలములు, బామ్మ, బాబాయి, ఇరుగుపొరుగువారు, ప్రైవేటు చెప్పు మాస్టరు, వీరందరును వాని చూపునకు గురియగుదురు. మనము బాలుని పరీక్షించుచున్నామని తలచుచుండగా వాడే మనలను పరీక్షించుచుండును. పెద్దల యాజ్ఞకు హేతువేమని వెదకు నా పిల్లవాడు తర్కము చదువని తార్కికుడు. పిల్లలు వాని చేష్టలకు నవ్వుదురు; పెద్దలు తమ్ము తాము గుర్తించి నవ్వుదురు. ఇంటికి మేలుచేయునది రెండవ నవ్వే.

వింత కల్పన హేతుబుద్ధిని చెరచుననుటకు నిదర్శనము లేదు. 1865లో “ఆలిసు” కథను వెలువరించిన లూయీ కరోల్ ఆక్సుఫర్డున గణితము బోధించిన పండితుడు. “చదువు” వంటి వాస్తవిక నవల వ్రాసిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980లో మరణించువరకు “చందమామ”కు సేవ చేసిరి. వాస్తవమును సూటిగా చూడగలిగిన వారికి కల్పన యడ్డురాలేదు.

అట్లని “బుడుగు” నిర్దోషమని నా మతము కాదు. అందలి లోకము మగపిల్లవాని కంటికి కనబడినదే. సీగానపెసూనాంబ తన నోట నా యిల్లు వర్ణించినచో నెట్లుండునో మనకు తెలియదు. అందలి పలుకు కోస్తా మధ్యతరగతి యింటిది. కాళేశ్వరము చేరువను, గోదావరి సీమలో, దసలిపట్టు నేతకు పేరుగన్న మహదేవపురమున పెరుగు పిల్ల యీ పుస్తకము చదివి నవ్వును. కాని యందు తన యవ్వ పలుకు వినబడదు. మగ్గము ప్రక్కను కూర్చుండి “ఎందుకు?” అని వేధించు పిల్లలు ఆ యూరను నుందురు. వారి మాట యచ్చులోనికి వచ్చుట యెట్లు?

పుస్తకము వ్రాయువారు, అచ్చొత్తించువారు, కొనువారు మువ్వురును పెద్దలే. వారు నీతికొరకు మాత్రమే కొనినచో నీతి పొట్లములే యంగడికి వచ్చును. నవ్వు రుచి యెరిగిన పెద్దలున్నచోటనే నవ్వించు పుస్తకములు పుట్టును. పెద్దల యాస్వాదనము బాలసాహిత్యమునకు పెట్టుబడి.

కావున, చదువరులారా, బిడ్డచేతికి పుస్తకమిచ్చి లేచిపోవలదు. ప్రక్కను కూర్చుండి చదువుడు. ఏ పుట మీకు నవ్వు పుట్టింపదో యది బిడ్డకును రుచింపదేమో యని శంకింపుడు. ఏ పుట మిమ్ము గూర్చియే నవ్వుచున్నదో దానిని రెండుమారులు చదువుడు.