మద్దెల ఓడనే వీల్లేని పందెం

సంక్రాంతికీ, శివరాత్రి తిరునాళ్ళకీ పల్నాడు, ప్రకాశం ఊళ్ళలో బండలాగుడు పందేలు చూసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఒక్కో విభాగంలో బండ అందరికీ ఒకటే. బరువు ఒకటే, గడువూ ఒకటే. ఆ గడువులో ఏ జత ఎక్కువ దూరం లాగితే పందెం దానిదే. పళ్ళు చూసి విభాగాలు కడతారు కాబట్టి రెండుపళ్ళ కోడెల్ని ముదురెద్దుల మీదికి వదలరు. ఇంత కట్టుదిట్టంగా నడిపినా, ఓడినాయన కండువా దులుపుకుంటూ ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. ఎడమెద్దుకి నిన్నటి నుంచి మేత సహించలేదనో, అవతలివాళ్ళలా ఉలవలు పెట్టడం మనవల్ల అవుతుందా అనో. అది అబద్ధమూ కాదు. బండ ఒకటే గాని ఎడ్లు ఒకటి కావు గదా.

మరి ఎడ్లు కూడా ఒకటే అయితే? అన్ని జతలూ ఒకే కొట్టంలో పుట్టి, ఒకే దాణా తిని, ఒకే బలంతో బరిలోకి దిగితే తోలేవాడికి చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? కార్ల పందేల్లో దీన్ని నిజంగానే చేసి చూస్తున్నారు. అందరూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ కారు నడపాలి. వీటిని వన్‌మేక్ పందేలంటారు. వీటిలో పేరుమోసిన జాతీయ పోటీ జర్మనీలో జరిగే పోర్షె కరెరా కప్. 1990లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. దాదాపు ముప్ఫై కార్లు వరసగా నిలబడితే రంగులూ, అంటించిన ప్రకటనలూ తప్ప ఒకదానికీ ఇంకోదానికీ తేడా కనిపించదు.

దీనికి ముందు 1986లో 944 టర్బో కప్ అని ఒకటి పెట్టారు. జర్మనీలో అడవులు ఎండిపోతున్నాయని, వాహనాల పొగ కూడా కారణమని గొడవ జరుగుతున్న రోజులవి. అందుకని పందెం కార్లకే పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ బిగించి, దాంతోనూ పరిగెత్తవచ్చని చూపించారు. నాలుగేళ్ళ తర్వాత 944ని పక్కనపెట్టి, కంపెనీకి ప్రాణం లాంటి 911ని రంగంలోకి దించారు. ఆ తొలినాళ్ళ పోటీని నడిపించినవాళ్ళలో యోస్ట్ కాపిటో ఒకరు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన విలియమ్స్ ఫార్ములా వన్ జట్టుకు అధిపతి అయ్యాడు. తొలి ఏడాది విజేత ఓలాఫ్ మాంటై. ఆయన పేరుతోనే 1996లో పుట్టిన జట్టు నూర్బర్గ్‌రింగ్ 24 గంటల పందేన్ని 2021 నాటికి ఏడుసార్లు గెలిచింది.

అసలు కష్టమంతా ఈ కారులోనే ఉంది.

911కి ఇంజిన్ వెనక ఉంటుంది. అదీ వెనక చక్రాల ఇరుసుకి అవతల, బంపరు పక్కన వేలాడుతున్నట్టు. సైకిలు క్యారేజీ మీద బియ్యం బస్తా వేసుకుని తొక్కినవాళ్ళకి దీని స్వభావం వేరే చెప్పక్కర్లేదు. హ్యాండిల్ తేలిపోతూ ఉంటుంది. తిప్పితే ముందు చక్రం ఓ పట్టాన వినదు. ఎలాగో మలుపు తీసుకున్నాక బస్తా తన దారిన తాను పోదామని వెనకనుంచి లాగుతుంది. ఆ క్షణంలో భయపడి తొక్కడం ఆపితే బస్తాతో సహా కిందపడతాం. 911 మర్యాద కూడా అదే. మలుపు మధ్యలో బెదిరి ఎక్సలరేటర్ మీంచి కాలు తీసేస్తే బరువు ముందుకు దూకుతుంది, వెనక చక్రాలు తేలికపడతాయి, కారు బొంగరంలా తిరుగుతుంది. మలుపు దాటాక మాత్రం ఆ బరువే వరమవుతుంది. ఇంజిన్ వెనక టైర్లను నేలకు అదిమి పట్టడంతో పట్టు జారకుండా, వదిలిన బాణంలా ముందుకు పోతుంది. లాభం, నష్టం రెండూ ఒకే మూటలో ఉన్న బండి ఇది. కరెరా కప్ డ్రైవర్లకు బతుకుతెరువు ఆ మూట కట్టు విప్పడం నేర్చుకోవడంలోనే ఉంది.

2021లో వచ్చిన తరం కారు సంగతి చూద్దాం. 4 లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజిన్. టర్బో లేదు. 510 హార్స్‌పవర్, అదీ నిమిషానికి 8,400 చుట్ల దగ్గర. బరువు 1,260 కిలోలు. గేర్లు ఆరు, స్టీరింగు వెనకున్న మీటలతో మారతాయి. క్లచ్ పెడల్ ఉన్నా దానితో ప్రధానంగా పని కారు కదిలించేటప్పుడే. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్, బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, రెండూ లేకుండా నడపడం అప్పట్లో ఈ పోటీకి ముద్రగా ఉండేది. తమాషా ఏమిటంటే 1990 నాటి తొలి కారులో ఏబీఎస్ ఉండేది, తర్వాత తీసేశారు. ఊళ్ళో కార్లన్నింటికీ ఒక్కొక్క సౌకర్యం వచ్చి చేరుతుంటే, పందెం కారుకు ఉన్నదాన్ని ఊడబీకారన్నమాట. బ్రేకు వేయడం మనిషి పనిగానే ఉండాలని అప్పట్లో వాళ్ళ పట్టుదల.

ఏబీఎస్ లేని కారులో ఆ పని ఎలా ఉంటుందో ఒక్క మలుపు దగ్గర నిలబడి చూద్దాం. న్యూరెంబర్గ్‌లో నోరిస్‌రింగ్ అని ఊరి రోడ్ల మీద వేసే ట్రాకు ఉంది. పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకే. ఒకప్పుడు నాజీలు సభలు జరిపిన మైదానం పక్కన, అప్పటి రాతి గ్యాలరీ ముందునుంచే కార్లు దూసుకుపోతాయి. అక్కడి తిన్నని దారి చివర గ్రుండిగ్ మలుపు, తలపిన్నులా వెనక్కి తిరుగుతుంది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో వచ్చిన కారు కొన్ని క్షణాల్లో ఊళ్ళో ఆటో వేగానికి దిగాలి.

బ్రేకు వేసేది ఎడమకాలితో. మనం కారు నడిపేటప్పుడు ఎడమకాలిని క్లచ్‌కే వాడతాం గనక దానికి నాజూకు తెలియదు, బ్రేకు మీద పెడితే తన్నినట్టు తొక్కుతుంది. వీళ్ళు ఏళ్ళ తరబడి దానికి చదువు చెప్పించుకుంటారు. తొలి తొక్కుడు మాత్రం నిజంగా తన్నే. వేగం ఎక్కువున్నప్పుడు వెనక రెక్క మీద గాలి ఒత్తిడి కారును నేలకు అదుముతుంది, టైరుకు పట్టు ఎక్కువ, ఎంత బలంగా తొక్కినా తట్టుకుంటుంది. వేగం తగ్గేకొద్దీ గాలి బలం తగ్గుతుంది, పట్టూ తగ్గుతుంది. కాబట్టి కాలు కూడా అదే లెక్కన వదులవుతూ రావాలి. ఒక్క పిసరు ఎక్కువైతే ముందు చక్రం బిగుసుకుంటుంది. తెల్లటి పొగ లేస్తుంది. ఆ ఒక్క క్షణంలో టైరు ఒకచోట చదునుగా అరిగిపోతుంది. ఆ తర్వాత పందెం ముగిసేదాకా చక్రం తిరిగిన ప్రతి చుట్టుకీ దడదడ అని డ్రైవర్ చేతులకి గుర్తు చేస్తూనే ఉంటుంది. అరగంట పందెంలో టైరు మార్చుకుందామని ఆగితే ఇక ఆశలు వదులుకోవాల్సిందే.

స్టీరింగు తిప్పడం మొదలుపెట్టాక కూడా కాలు పూర్తిగా తీయరు. కొంచెం బ్రేకు మిగుల్చుకుని మలుపులోకి తీసుకెళ్తారు. బరువు ముందు టైర్ల మీద నిలిచి ఉన్నంతసేపే ఆ మొండి ముందు చక్రం మాట వింటుంది. బస్తా ఉన్న సైకిలు హ్యాండిల్ మీద ఎవరో చెయ్యివేసి నొక్కి పట్టినట్టు. ఎక్కువసేపు నొక్కితే వెనక భాగం చుట్టూ తిరిగొస్తుంది, ముందే వదిలితే కారు తిరగనంటుంది. ఈ రెండింటి నడుమ సందు వెంట్రుకవాసి. అదీ ప్రతి ల్యాపులో మారుతుంది. ఎందుకంటే టైరు వేడెక్కుతోంది, పెట్రోలు తగ్గుతోంది, ముందున్న కారు గాలి చెదరగొడుతోంది. మొత్తం రెండు మూడు సెకన్ల వ్యవహారం. సంగీతం కచేరీలో గమకం ఎక్కడ వదలాలో గాయకుడికి ఎవరు చెబుతారు? ఇదీ అంతే.

కార్లన్నీ ఒకటే కావడంలో ఉన్న అసలు బలం పందెం అయ్యాక బయటపడుతుంది. కాలు ఎంత గట్టిగా పడింది, ఎప్పుడు వదిలింది, స్టీరింగు ఎన్ని డిగ్రీలు తిరిగింది, అన్నీ కారులోని పెట్టె రాసుకుంటుంది. వేర్వేరు కంపెనీల కార్లయితే ఇద్దరి గీతల్ని పోల్చి లాభం లేదు, తేడా బండిదా మనిషిదా తేలదు. ఇక్కడ ఒకే జట్టులో నడిపే ఇద్దరి గీతల్ని ఒకదానిమీద ఒకటి పరిస్తే ఎక్కడ విడిపోయాయో అక్కడే సమయం పోయింది. దాచుకోవడానికి చోటు లేదు. ఆడలేక మద్దెల ఓడనే సామెత ఇక్కడ చెల్లదు. మద్దెల అందరిదీ ఒకటే.

ఒకటేనని నమ్మించడం మాత్రం చిన్న పని కాదు. కప్ కార్లు స్టుట్‌గార్ట్‌లోని త్సుఫెన్‌హౌసెన్ కర్మాగారంలో, జనం కొనుక్కునే 911లు తయారయ్యే వరసలోనే పుడతాయి. తర్వాత వైసాక్‌లోని కంపెనీ ట్రాకు మీద టెస్ట్ డ్రైవర్ నడిపి చూశాకే కొన్నవాడి చేతికి వస్తాయి. ఇంజిన్‌కి సీలు వేస్తారు. సీలు తెగితే ఇక ఏ వాదనా వినరు. జట్టువాళ్ళు ముట్టుకోదగినవి కొన్నే: వెనక రెక్క వాలు, టైర్లలో గాలి, చక్రాల వంపు, కారు ఎత్తు, ముందూ వెనకా బ్రేకుల పంపకం వంటివి. టైర్లు ఒకే కంపెనీవి, అవీ లెక్కపెట్టి ఇస్తారు. పందెం ముగియగానే తనిఖీదారులు తూకం వేస్తారు, ఎత్తు కొలుస్తారు. మన పందేల్లో పెద్దమనుషులు పళ్ళు పట్టి చూసినట్టే, కాకపోతే ఇక్కడ చేతిలో కంప్యూటరు ఉంటుంది.

ఇంతమాత్రాన అందరికీ సమానంగా తలుపులు తెరిచారని అనుకుంటే పొరపాటు. 2021లో ఈ కారు ధర పన్నులు కాక 2,25,000 యూరోలు. అప్పటి మన లెక్కలో దాదాపు రెండు కోట్ల రూపాయలు. అది కారు ఖరీదే. మెకానిక్కులు, టైర్లు, సాధన రోజులు, గోడకి కొట్టుకున్న ప్రతిసారీ కొత్త ముందుభాగం, వీటి లెక్క వేరు. 100 గంటలు నడిచాక ఇంజిన్‌ని తనిఖీ చేయించాలి. డబ్బున్నవాడు సాధనకి ఎక్కువ రోజులు కొంటాడు, మంచి ఇంజనీరుని పెట్టుకుంటాడు. గుమ్మం దగ్గర ఆపిన అసమానత పెరటి దారిన లోపలికి వస్తూనే ఉంది. సరదాకి నడిపే వ్యాపారులకి ఔత్సాహికుల విభాగం వేరుగా పెట్టడం, పిల్లకాయల్లో గట్టివాళ్ళను ఏరి కంపెనీ సాయం చేయడం, ఇవన్నీ ఆ కన్నానికి వేసిన మాట్లు. కంపెనీ ధర్మానికి ఇదంతా చేస్తోందని నేననను. ముప్ఫైమందికి ఒకే కారు అమ్మి, విడిభాగాలూ అమ్మి, వాళ్ళలోంచి రేపటి తన డ్రైవర్‌ని కూడా ఎంచుకునే తెలివైన బేరమిది.

బేరం గిట్టిందనడానికి 2015 లె మాన్స్ 24 గంటల పందెం చూడండి. గెలిచిన 19వ నంబరు పోర్షెలో ముగ్గురు డ్రైవర్లు. అందరికీ తెలిసిన పేరు నికో హుల్కెన్‌బర్గ్, అప్పట్లో ఫార్ములా వన్‌లో మన ఫోర్స్ ఇండియా జట్టుకి నడిపేవాడు. మిగతా ఇద్దరూ కప్ కార్ల బడినుంచి వచ్చినవాళ్ళు. నిక్ టాండీ 2011లో జర్మనీ కరెరా కప్ విజేత. ఎర్ల్ బాంబర్ ఆసియా కరెరా కప్‌లోనూ, ఫార్ములా వన్ పందేలకి తోడుగా జరిగే సూపర్‌కప్‌లోనూ గెలిచి వచ్చాడు. అంతకుముందు 2001లో కప్ గెలిచిన టిమో బెర్న్‌హార్డ్, 2002లో గెలిచిన మార్క్ లీబ్ కూడా తర్వాత లె మాన్స్ విజేతలయ్యారు. ఇంకో పూర్వ విద్యార్థిని మీరు టీవీలో చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. ఫార్ములా వన్‌లో ప్రమాదం జరిగినప్పుడు అందరికంటే ముందు నడిచే సేఫ్టీ కారుని 2000 నుంచి నడుపుతున్న బెర్న్‌డ్ మైలాండర్ ఈ కప్పులో 1994 విజేత. వెనకున్నవాళ్ళ టైర్లు చల్లారిపోకుండా వేగంగా, ప్రమాదం జరిగిన చోట జాగ్రత్తగా నడపాల్సిన ఉద్యోగానికి ఇంతకంటే తగిన బడి ఏముంటుంది?

మనకీ ఈ రుచి కొంత తెలుసు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద 2010లో పోలో కప్ మొదలైనప్పుడు అందరివీ ఒకే రకం కార్లు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు తిరిగినప్పుడు వాటి చట్రం, బ్యాటరీ, టైర్లు కూడా అందరివీ ఒకటే. మోటారు వంటి కొన్నింటి దగ్గరే ఎవరి విద్య వాళ్ళది, అంటే సగం వన్‌మేక్. ఆ రోజు నెక్లెస్ రోడ్డు వైపు గుమిగూడినవాళ్ళలో ఎక్కువమంది ఇంత నిశ్శబ్దంగా పోతున్నాయేమిటని ఆశ్చర్యపోయారే గాని, ఎవరు ఎక్కడ బ్రేకు వేస్తున్నారని చూసినవాళ్ళు తక్కువ. ఎప్పుడైనా ఇంజిన్ కార్ల పందెం చూసే అవకాశం వస్తే తిన్నని దారి పక్కన సీటు కొనకండి. మలుపుకి వంద మీటర్ల ముందు నిలబడండి. అక్కడ చెవులు రిక్కిస్తే, ఇంజిన్ చప్పుడు ఒక్కో కారుది ఒక్కో చోట తెగడం వినిపిస్తుంది.

నోరిస్‌రింగ్‌లో ఆ చప్పుడు ఆలస్యంగా తెగినవాడే గెలుస్తాడని చూసేవాళ్ళకి అనిపిస్తుంది. సాయంత్రం లారీ వెనక మడతకుర్చీలో కూర్చున్న కుర్రవాడికి మాత్రం ఇంజనీరు ల్యాప్‌టాప్ మీద రెండు గీతలు చూపిస్తాడు. బ్రేకు ఇద్దరూ ఒకే చోట వేశారు. అవతలివాడి గీత నిదానంగా, వాలు మీద నీళ్ళు జారినట్టు కిందికి దిగింది. ఇతనిది చివర్లో మెట్టులా విరిగింది. ఇంజనీరు ఆ మెట్టు మీద వేలు పెట్టి, ఇక్కడ కాలు ఎందుకు తీశావని అడుగుతాడు. కుర్రవాడు తెరవైపు చూడడు. బల్ల కింద తన ఎడమకాలి బూటు వైపు చూసుకుంటాడు.