ఉచిత వస్తువు ఎవరి నెత్తిమీద వస్తుంది?

అర్థశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో మొదటి అధ్యాయాల్లోనే ఎదురయ్యే మాట ‘ఉచిత వస్తువులు’. గాలి, నీరు, సూర్యరశ్మి ప్రకృతి ఇచ్చేవి, సమృద్ధిగా దొరికేవి, కాబట్టి వాటికి ధర ఉండదని నిర్వచనం. ఆ వెనకే నీళ్లకీ వజ్రాలకీ పోలిక వస్తుంది. నీటికి ఉపయోగపు విలువ ఎక్కువ, మారకపు విలువ తక్కువ. వజ్రానికి దీనికి పూర్తిగా తిరగబడి. తరాల తరబడి పిల్లలు దీన్ని బట్టీపట్టి పరీక్షలు రాశారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం జిల్లా పిల్లలూ రాశారు. పొద్దున్నే ట్యాంకరు దగ్గర బిందెల వరసలో నిలబడి వచ్చిన అమ్మాయి, పది గంటలకు క్లాసులో కూర్చుని ‘నీరు ఉచిత వస్తువు’ అని నోట్సు రాసుకుంటుంది.

నేను చదివింది సాహిత్యం. ఒక పాఠంలో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి మాట వినపడటం లేదు అని చూడటం మాకు అలవాటు. ఆ కంటితో చదివితే ఈ నిర్వచనంలో మనుషులే లేరు. నీరు ‘లభిస్తుంది’. తెచ్చేదెవరు? ఎంత దూరం నుంచి? బడి మానేసి తెచ్చిందా, నిద్ర మానుకుని తెచ్చిందా? వ్యాకరణంలో కర్త లోపించిన వాక్యాలు రాజకీయంగా ఎంత సౌకర్యమో స్త్రీవాదులకు వేరే చెప్పక్కర్లేదు.

ఇదే పుస్తకాల్లో ఇంకో ప్రసిద్ధమైన చమత్కారం ఉంది. ఒకాయన తన ఇంటి పనిమనిషిని పెళ్లి చేసుకుంటే జాతీయాదాయం తగ్గిపోతుందని. పీగూ 1920లో రాసిన సంక్షేమ అర్థశాస్త్రంలోని ఉదాహరణ ఇది. నవ్వుకుని పేజీ తిప్పేయడమే ఆనవాయితీ. పనీ అదే, మనిషీ ఆమే, జీతం మాత్రం పోయింది. మన దేశంలో 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. మరియా మీస్ 1982లో వచ్చిన తన పుస్తకంలో మన నర్సాపురం లేసు పనివాళ్ల గురించి చెప్పింది కూడా ఇదే. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్లను ‘గృహిణులు’ అనేస్తే చాలు, కూలి ఎంత తక్కువిచ్చినా అడిగేవాళ్లుండరు. ఇంత దగ్గరి ఉదాహరణ మన క్లాసుల్లోకి రావడం నేను చూడలేదు.

ఈ నేపథ్యంలో కేట్ రావర్త్ ‘డోనట్’ అర్థశాస్త్రాన్ని చదవాలి. 2012లో వ్యాసంగా, 2017లో పుస్తకంగా వచ్చింది. డోనట్ అంటే మనకు గారె అనుకుంటే సరిపోతుంది. మధ్య చిల్లు లేమి. అందులో ఎవరూ పడిపోకుండా లోపలి గీత మీద తిండి, నీరు, చదువు, ఆరోగ్యం, స్త్రీ పురుష సమానత్వం లాంటి పన్నెండు అవసరాలు. బయటి గీత భూమి భరించగల తొమ్మిది హద్దులు. ఆ రెంటి నడుమే మనిషి బతకాలి. ఎప్పటికీ పైకే పోయే అభివృద్ధి గీత స్థానంలో ఒక గుండ్రాన్ని పెట్టడం చిన్న విషయం కాదు. మార్కెట్, ప్రభుత్వాల పక్కన ఇంటినీ, ఉమ్మడి వనరులనూ ఆర్థిక వ్యవస్థలో భాగంగా గీసినందుకు ఆమెకు మనం రుణపడి ఉంటాం. టీచర్లు ఈ బొమ్మను క్లాసుల్లోకి తీసుకుపోతున్నారంటే సంతోషమే.

అయితే గుండ్రాన్ని పైనుంచి చూస్తే ఎవరి మొహమూ కనపడదు. నీరు ఒక గడి, స్త్రీ పురుష సమానత్వం ఇంకో గడి. బిందె మోసే గంటలు ఈ రెండు గడుల మధ్య సందులోకి జారిపోతాయి. కళ్యాణదుర్గం వైపు గొర్రెలు కాసుకునే మనిషి భూతాపానికి చేర్చినది దాదాపు ఏమీ లేదు. ఆమె కాళ్లకింది భూగర్భజలం మాత్రం హద్దు దాటి అడుగంటింది. తోడింది ఆమె కాదు. అప్పు తెచ్చి అయినా బోరు మీద బోరు వేయగలిగిన వాళ్లు.

ఈ జిల్లాలో వేరుసెనగ కథ ఒక్కటి చెప్పినా ఏడాది పాఠం అవుతుంది. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో సుమారు 8 లక్షల హెక్టార్లలో శెనక్కాయ ఒక్కటే. నగదు పంట కాబట్టి లెక్కల్లో అది అభివృద్ధి. కొర్ర, సజ్జ, జొన్న వెనక్కిపోయాయి. వాటితోపాటు పోయినదాన్ని ఏ లెక్కా చూపదు. విత్తనం ఏరి, బూడిద కలిపి, కుండలో దాచింది ఆడవాళ్లు. ఏది ఎప్పుడు చల్లాలో ఇంట్లో వాళ్లకీ ఒక మాట ఉండేది. శెనక్కాయ విత్తనం సబ్సిడీ క్యూలోకీ, వ్యాపారి కొట్టులోకీ పోయాక ఆ మాట పోయింది, కలుపుతీత మిగిలింది. పంట ఖర్చు కట్టే అధికారిక లెక్కలో ఆమె ‘ఎఫ్.ఎల్.’ అనే రెండక్షరాలు, అంటే కుటుంబ శ్రమ. దాన్ని కూలి రేటుతో కడతారు. ఆడకూలి మగకూలి కన్నా తక్కువగా ఉన్న ఊళ్లో ఆ అంకె ఏ పాటిదో ఊహించుకోవచ్చు.

సీమలో వానమీద ఆధారపడ్డ సేద్యాన్ని జూదమంటారు. సింగమనేని నారాయణ గారు ఒక కథల సంపుటికి ఆ పేరే పెట్టారు. మన కరువు సాహిత్యం అర్థశాస్త్రం చెప్పని నిజాలు చాలా చెప్పింది, కాదనను. కానీ చాలా కథల్లో మబ్బుకేసి చూసేది రైతు, పుస్తె తీసిచ్చేది భార్య. జూదంలో పందెంగా ఒడ్డబడటం మనకు భారతం నాటి నుంచీ తెలిసిందే కదా. ఆమె చూపునుంచి కరువు లెక్క కట్టిన కథలు ఇంకా రావాలి.

క్లాసుకు పనికొచ్చే మరో పాఠం చెన్నేకొత్తపల్లి దగ్గర ఉంది. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 1990లో అక్కడ మొదలైంది. ఆడవాళ్ల పొదుపు సహకార సంఘాలు, చిరుధాన్యాల సేద్యం చేసే రైతుల సంఘం వగైరా దాని పనులు. వాటిలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది కల్పవల్లి. వేల ఎకరాల బోడికొండలను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నిప్పుపడకుండా, నరకకుండా కాపాడుకున్నారు. గడ్డి, ఈతచెట్లు, వంటచెరకు తిరిగొచ్చాయి. మేతకూ చాపలకూ చీపుళ్లకూ దాన్ని నమ్ముకున్నవాళ్లలో భూమిలేని ఆడవాళ్లున్నారు. రావర్త్ బొమ్మలో ‘ఉమ్మడి వనరు’ అంటే ఇదే.

రెవెన్యూ రికార్డులో మాత్రం ఆ నేల పేరు బంజరు. పనికిరానిదని ముందే పేరు పెట్టుకున్నాక ఎవరికైనా ఇవ్వవచ్చు. 2010 తర్వాత ఆ కొండలమీదికి గాలిమరలు వచ్చాయి. టవర్లు మోసుకెళ్లే బళ్లకోసం వాలులు తవ్వి రోడ్లేశారు. గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. బయటి గీత వైపునుంచి చూస్తే ఇది మంచి వార్త, బొగ్గు కాల్చని కరెంటు. లోపలి గీత వైపునుంచి చూస్తే మేత తగ్గింది. పచ్చదనం పేరుతో పచ్చిక పోవడాన్ని ఆ గుండ్రం ఎలా చూపిస్తుంది? రెండు గీతలూ ఒకే కొండమీద ఢీకొన్నప్పుడు ఎవరు తప్పుకోవాలో దానంతటది చెప్పదు.

అందుకే ఈ పాఠం చెప్పే టీచరు బోర్డుమీద ముందుగా గుండ్రం గీయకుండా, ఆ కొండ పటం గీస్తే బాగుండును. ఏ ఊరి ఆడవాళ్లు ఏ దారిన ఎక్కేవారు, ఏ నెలలో ఏం కోసుకొచ్చేవారు, రోడ్డు ఏ దారిని తెంచింది, ఇప్పుడు కట్టెలకు ఎంతదూరం పోతున్నారు. బిందె మోసి వచ్చిన ఆ అమ్మాయికి ఈ ప్రశ్నల్లో కొన్నిటికి జవాబు తెలిసే ఉంటుంది. పరీక్షలో దానికి మార్కులు ఎవరు వేస్తారన్నది సిలబస్ కమిటీలు తేల్చాలి.