రఫీ తెలుగు, మా తెలుగు

2024 డిసెంబరు 24న మహమ్మద్ రఫీకి నూరేళ్లు నిండాయి. ఆ పొద్దున బాన్సువాడలో చాయ్ తాగుతూ కూర్చుంటే ఫోన్లో ఒకదాని వెంట ఒకటి మెసేజీలు. తెలుగు మిత్రులు పంపినవాటిలో చాలావరకు ఒకటే కథ: 'బైజూ బావ్‌రా' (1952)లో హరి భజన రాసింది షకీల్ బదాయూనీ, స్వరం కట్టింది నౌషాద్, పాడింది రఫీ. ముగ్గురూ ముస్లిములే, చూశారా!

చూశాం. ప్రతి జయంతికీ, ప్రతి వర్ధంతికీ చూస్తూనే ఉన్నాం. కథ నిజమే. మాల్కౌంస్‌లో ఆ పాట గొప్పదే, నాకూ ప్రాణమే. పేచీ పాటతో కాదు, దాన్ని ప్రతిసారీ ముందు వరసలో నిలబెట్టడంతో. ముస్లిం గాయకుణ్ణి తలుచుకోవాలంటే ముందు భజన చూపించి లోపలికి తీసుకురావాలి. 'బర్సాత్ కీ రాత్' (1960) ఖవ్వాలీకి చివరి పేరాలో చోటు దొరికితే అదే ఎక్కువ. 1980 జూలై 31న ఆయన పోయింది రంజాన్ నెలలో. నేను చదివిన తెలుగు నివాళుల్లో ఆ మాట కనబడలేదు.

నేను మాత్రం రాశానా? శతజయంతికి ఒక పత్రికకు వ్యాసం పంపితే డెస్కు నుంచి ఫోన్ వచ్చింది: "భాయ్, ఆ భజన ముచ్చట పైకి తెండి, మంచి మెసేజ్ పోతది." తెచ్చాను. నా పేరుతోనే అచ్చయింది. హైదరాబాద్ విఠల్ రావు జీవితమంతా ఉర్దూ గజల్ పాడి 2015లో వెళ్లిపోయారు. ఆయన ఉర్దూలో పాడినందుకు ఆయన హిందూతనాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకోనక్కరలేదు కూడా. పాడారు, బాగా పాడారు, అంతే. ఆ 'అంతే' రఫీకి దొరకదు.

ఇక రఫీ తెలుగు పాటల సంగతి. 'చైనా టౌన్' (1962)లో షమ్మీ కపూర్‌కి పాడిన గొంతే దాని తెలుగు రూపం 'భలే తమ్ముడు' (1969)లో ఎన్టీఆర్‌కి పాడింది. అప్పటికే ఎన్టీఆర్ ముఖానికి ఘంటసాల గొంతు అతికిపోయి ఉంది. ఆ చెవులతో వింటే రఫీ కొత్తగా, కొంచెం పరాయిగా వినిపిస్తాడు. సమాసం మధ్యలో ఊపిరి ఆగుతుంది, అక్షరాల్లో ఉర్దూ వాసన కొడుతుంది. నా మటుకు నాకు 'అక్బర్ సలీం అనార్కలి'లో రఫీ మిగతావాటికంటే నయం. కథ మొగల్ దర్బారుది. పాటలు రాసిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మీడియంలో చదువుకున్న కరీంనగర్ మనిషి. నిజాం రాజ్యంలో మతంతో పని లేకుండా చదువుకున్న ప్రతివాడి నోటా ఉర్దూ ఉండేదన్న సంగతి ఆ మాటల కూర్పులో తెలుస్తుంది. రఫీ అక్కడ చుట్టంలా కాదు, ఇంటివాడిలా ఉంటాడు.

అయితే రఫీ తెలుగు యాసను జనం ముద్దుగా తీసుకున్నారు. 'తెలుగు రాకున్నా ఎంత తియ్యగా పాడాడో' అన్నారు. మంచిదే. మరి తెలుగు వచ్చిన మా యాస?

బడిలో నేను పాఠం చదువుతుంటే 'కళ్ళు' కాస్తా 'కల్లు' అయ్యేది. సాయిబుల పిల్లగాడు కల్లు అన్నాడని క్లాసంతా ఒకటే నవ్వు. సారు కూడా నవ్వేవాడు. ఆ సారే 'భాష'ను 'బాస' అనేవాడు, దానికి ఎవరూ నవ్వలేదు. ఒత్తులు మా నోట సరిగ్గా పలికేవి, కానీ వాటికి మార్కులు లేవు. సినిమాలో సాయిబు పాత్ర వచ్చిందంటే 'నిమ్మల్‌కీ, నమ్మల్‌కీ' అనే దిక్కుమాలిన భాష. మంజీరా ఒడ్డున ఏ సాయిబూ అట్లా మాట్లాడగా నేను వినలేదు. ఉర్దూ, తెలుగు, మరాఠీ కలిసి తిరిగే ఈ సీమలో మా అమ్మ కూరగాయల బేరం మూడు భాషల్లోనూ ఆడేది. రఫీ యాస విన్న చెవీ, మా అమ్మ యాస విన్న చెవీ ఒకటే. మరి ఒకచోట తీపి, ఒకచోట నవ్వు ఎందుకు?

2024 నవంబరులో గోవా చలనచిత్రోత్సవంలో రాజ్ కపూర్, తపన్ సిన్హా, అక్కినేనిలతో పాటు రఫీకీ శతజయంతి నివాళి జరిగింది. సంతోషం. అదే 1924లో పుట్టిన తలత్ మహమూద్ కూడా 'మనోరమ' (1959)లో తెలుగు పాడాడు. ఫిబ్రవరి 24న అతని నూరేళ్లు మన పేజీల్లో చప్పుడు లేకుండా దాటిపోయాయి. గజల్ గాయకుడి దగ్గర ముందుపెట్టుకోవడానికి భజన కథ లేకపోవడమే కారణమేమోనని నా అనుమానం. అన్యాయపు అనుమానమే కావచ్చు.

అంత దూరం ఎందుకు? గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920 ఫిబ్రవరి 5న షేక్ నాజర్ పుట్టాడు. బుర్రకథను ఊరూరా మోగించాడు, పల్నాటి యుద్ధం చెప్పాడు, 1986లో పద్మశ్రీ అందుకున్నాడు, 1997లో కన్నుమూశాడు. ఆయన తెలుగులో వెతికినా యాస దొరకదు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'.