ఉచిత ప్రవేశం, ఒక పెన్సిల్

లండన్‌లో బ్లూమ్స్‌బరీ పేట నిండా కాలేజీలే. వాటి మధ్యలో బ్రిటిష్ మ్యూజియం. క్లాసు అయ్యాక కబుర్లాడుకుంటూ నడిచినా పది నిమిషాల్లో దాని మెట్ల దగ్గర తేలొచ్చు. కళాచరిత్రలో ఎమ్మే చేస్తున్న ఒక గుంటూరు అమ్మాయికి శుక్రవారం పొద్దున రెండు క్లాసులుంటాయి. మొదటిది లెక్చర్. తెర మీద బొమ్మ పడుతుంది, తేదీ చెబుతారు, నోట్సు రాసుకునేలోగా ఇంకో బొమ్మ. రెండోది సెమినార్. ముందే చదువుకు రమ్మన్న వ్యాసం మీద బల్ల చుట్టూ కూర్చుని వాదించుకోవాలి. చదవకుండా వెళ్తే ఐదు నిమిషాల్లో దొరికిపోతారు.

మధ్యాహ్నం నుంచి ఆమెకి వేరే పని లేదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు టర్మ్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి ఉద్యోగం చెయ్యకూడదు. ఆ గంటలన్నీ మిగతా రోజుల్లోకి నెట్టి శుక్రవారాన్ని ఖాళీగా ఉంచుకుంది. మామూలుగా ఐదింటికి మూసేసే బ్రిటిష్ మ్యూజియం ఆ రోజు రాత్రి ఎనిమిదిన్నర దాకా, నేషనల్ గ్యాలరీ తొమ్మిది దాకా తెరిచి ఉంటాయి మరి.

రెండింటికీ టికెట్ లేదు. బ్రిటిష్ మ్యూజియం 1759లో తలుపులు తెరిచినప్పుడే ఉచితం. డబ్బులు పుచ్చుకుంటున్న మిగతా జాతీయ మ్యూజియాలు కూడా 2001 డిసెంబరు నుంచి శాశ్వత ప్రదర్శనలకు రుసుము ఎత్తేశాయి. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం బాగానే గుంజుతారు, అది వేరే సంగతి. ఉచితమంటే బీదవాళ్లకు చేసే ఉపకారం అనుకుంటాం గానీ, దానివల్ల చూసే పద్ధతే మారిపోతుంది. డబ్బు పెట్టి లోపలికెళ్లినవాళ్లు బఫేలో ప్లేటు నింపుకున్నట్టు గది తర్వాత గది చుట్టేస్తారు. ఖర్చు లేకపోతే ఒక్క రాయి కోసం వెళ్లి, దాన్నే చూసి ఇంటికి రావచ్చు.

ఆమె చూసేది బ్రిటిష్ మ్యూజియం 33ఎ గదిలోని అమరావతి శిల్పాల్ని. గుంటూరు నుంచి అమరావతి గంట ప్రయాణం. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళ్లారట, పులిహోర పొట్లం తప్ప ఏమీ గుర్తులేదంది. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి అక్కడ తవ్వించిన పలకలు మద్రాసుకు చేరి, ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కి లండన్ వచ్చాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి దక్కి చాలాకాలం మెట్ల పక్క గోడలకు ఉన్నాయి, ఆ తర్వాత నేలమాళిగలో పడి ఉన్నాయి. వాటికంటూ ఒక గది అమిరింది 1992లోనే. పాలరాయి అని పేరుపడింది గానీ నిజానికది మన పల్నాటి సున్నపురాయి.

ఆ శిల్పాల్లో రెండువైపులా చెక్కిన పలక ఒకటుంది. ఎత్తు సుమారు నాలుగడుగులు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో చెక్కిన ముఖం మీద బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం ఉంటారు. బుద్ధుడు మాత్రం ఉండడు. మూడు వందల యేళ్లు దాటాక ఎవరో అదే రాయిని తిప్పి వెనకవైపు ఒక స్తూపాన్ని చెక్కారు. ఈసారి ద్వారంలో బుద్ధుడు నిలబడి ఉంటాడు. అమరావతి స్తూపం ఇప్పుడు మట్టిదిబ్బలా మిగిలిందే గానీ, దాని రూపురేఖలెలా ఉండేవో ఊహించడానికి ఇలాంటి పలకలే ఆధారం.

అక్కడ ఆమె చేసే పని బొమ్మ గీసుకోవడం. పెన్సిల్‌తో గీసుకుంటే మ్యూజియం వాళ్లు ఏమీ అనరు, తడి రంగులే కుదరవు. కాపలావాళ్లు కూడా పట్టించుకోరు. బడిపిల్లలు మాత్రం భుజం మీదుగా తొంగిచూసి, నచ్చకపోతే మొహం మీదే చెప్పేస్తారు.

ఆమెతో ఒకే గదిలో ఉండే వరంగల్ అమ్మాయి డేటా సైన్స్ చదువుతోంది. ఆమెకిదంతా వింత. ‘ఫోన్ల ఫొటో కొట్టుకొస్తే అయిపోతది గదక్కా, గంటలకొద్ది గీసుకుంట కూసునుడేంది?’ అంటుంది.

‘ఫొటో కూడా తీశాలేవే. అందులో ఐదు స్తంభాలున్న సంగతి గీస్తేగానీ తెలిసి చావలేదు’ అంటుంది ఈ అమ్మాయి.

అవి ఆయక స్తంభాలు. స్తూపం ద్వారానికి పైన, అండం అనే గుండ్రటి గుమ్మటానికి ముందు వరసగా నిలబడి ఉంటాయి. బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు గుర్తులని పండితులు చెబుతారు. పలక మీద వేలెడు జాగా వదలకుండా దండలూ, సింహాలూ, ఎగిరే దేవతలూ కిక్కిరిసి ఉండటంతో కన్ను ఈ స్తంభాల మీదుగా జారిపోతుంది. గీసేటప్పుడు అలా జారనివ్వడం కుదరదు. మొదటి స్తంభం గీశాక రెండోది ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోవాల్సిందే.

గుంటూరు అమ్మాయి గీసిన పేజీలు కొన్ని ఈ కాలమ్ కంటబడ్డాయి. గొప్ప బొమ్మలేం కావు. సింహాలు కుక్కల్లా ఉన్నాయి. అయినా నష్టం లేదు. ఆ మ్యూజియానికి కూతవేటు దూరంలో, రెడ్ లయన్ స్క్వేర్‌లో, 1854లో వర్కింగ్ మెన్స్ కాలేజీ తెరిచారు. అక్కడ జాన్ రస్కిన్ పనివాళ్లకు డ్రాయింగ్ నేర్పాడు. వడ్రంగిని చిత్రకారుణ్ణి చేయడం తన ఉద్దేశం కాదనీ, వడ్రంగిగానే మరింత సంతోషంగా ఉండేలా చేయడమనీ ప్రభుత్వ విచారణ సంఘం ముందు చెప్పుకున్నాడు. చక్కగా గీయడం కంటే చక్కగా చూడటం నేర్పడమే అతనికి ముఖ్యం.

ఇలాంటి చూపు ఎంతసేపటికి వస్తుంది? హార్వర్డ్‌లో కళాచరిత్ర చెప్పే జెన్నిఫర్ రాబర్ట్స్ ఒకే చిత్రం ముందు మూడు గంటలు కూర్చోమని విద్యార్థులకు పని పెడుతుంది. తాను కూడా బోస్టన్‌లో, జాన్ సింగిల్టన్ కోప్లీ 1765లో వేసిన, ఉడుతతో ఉన్న కుర్రాడి చిత్రం ముందు కూర్చుంది. కుర్రాడి చెవి వంపూ ఉడుత పొట్ట అంచు వంపూ ఒకటేనని కనిపెట్టడానికి తొమ్మిది నిమిషాలు పట్టిందట. చూడటమే వృత్తిగా ఉన్న మనిషికే అంతసేపు!

ఆరు దాటాక గుంటూరు అమ్మాయి చేరింగ్ క్రాస్ రోడ్డు పట్టుకుని నేషనల్ గ్యాలరీకి నడుస్తుంది. అక్కడ హాన్స్ హోల్బైన్ 1533లో వేసిన ‘ది అంబాసిడర్స్’ ఉంది. ఇద్దరు దొరబాబులు, మధ్యలో రెండంతస్తుల బల్ల, కింది అరలో ఒక తంతి వాద్యం. తంతులు లెక్కపెడుతూ గీస్తే ఒకటి తెగి ఉందని బయటపడుతుంది. ఇక్కడిదాకా పెన్సిల్ గొప్పే. కానీ ఆ ఇద్దరి కాళ్ల ముందు నేల మీద ఏటవాలుగా ఒక మరక ఉంటుంది. ఎదురుగా కూర్చుని ఎంత శ్రద్ధగా గీసినా అది మరకగానే ఉంటుంది. లేచి, చిత్రానికి కుడివైపు గోడ పక్కకు జరిగి, ఓరగా చూడాలి. అప్పుడది సరిగ్గా మనిషి పుర్రె అవుతుంది. ఒకేచోట కూర్చుని గీసేవాళ్లకి హోల్బైన్ పెట్టిన చురక అనుకోవచ్చు. ఆమె పుస్తకంలో ఆ చిత్రానికి రెండు పేజీలున్నాయి, ఒకటి కూర్చుని గీసింది, ఇంకొకటి గోడకు ఆనుకుని గీసింది. రెండోదాంట్లో గీతలు వణికాయి.

డిసెంబరు సెలవులకు ఇంటికొచ్చేటప్పుడు ఆమె హైదరాబాద్‌కి కాకుండా చెన్నైకి టికెట్ కొంది. అమరావతి శిల్పాల్లో పెద్ద వాటా ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఒకటి రెండు రోజులు అక్కడ గడిపి గుంటూరు రైలెక్కాలని ప్లాను. చూడాల్సినవి పుస్తకం చివర రాసుకుంది: అక్కడి స్తూప ఫలకాల మీద కూడా స్తంభాలు ఐదేనా, దండలు ఇలాగే వేలాడతాయా, బుద్ధుడు లేని ముఖాలు ఎన్ని దొరుకుతాయి. ఈలోగా సెమినార్‌కి ఇవ్వాల్సిన వ్యాసం ఒకటి బాకీ ఉంది, వాళ్లమ్మ వాట్సాప్‌లో అడిగేది కూడా దాని గురించే.